గడ్డి మీద లోగో ఎందుకు తేలింది: ప్రత్యక్ష ప్రసారంలో వర్చువల్ ప్రకటనపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు ఒక దేశవాళీ టీ20 టోర్నమెంటు ప్రసారానికి సంబంధించినది. మైదానం ఏది, జట్లు ఏవి, ప్రకటనదారు ఎవరు అన్నవి విషయానికి అవసరం లేవు కనుక వదిలేస్తున్నాను. అది సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న మైదానం. అక్కడ శాశ్వతమైన కెమెరా గది లేకపోవడంతో బౌలర్ వెనుక వైపు ప్రధాన కెమెరాను ఇనుప గొట్టాల పరంజా మీద, నేలకు సుమారు పది మీటర్ల ఎత్తున నిలబెట్టారు. ఆ కెమెరా చూపించే దృశ్యంలో వికెట్ కీపర్ వెనుకనున్న ఖాళీ గడ్డి మీద, సున్నంతో గీసినట్టే కనిపించే ప్రకటనదారు లోగోను ప్రత్యక్షంగా చేర్చడం మా బృందం పని. మైదానంలో ఉన్న ప్రేక్షకుడికి అక్కడ గడ్డి తప్ప ఏమీ కనిపించదు. టీవీ ముందున్న వాడికి లోగో కనిపిస్తుంది, దాని మీదుగా ఫీల్డర్ పరుగెత్తితే అతని కాళ్ల కింద ఉన్నట్టే కనిపిస్తుంది.

ఈ పని సాధ్యం కావడానికి రెండు ప్రశ్నలకు ప్రతి ఫ్రేములోనూ జవాబు దొరకాలి. కెమెరా ఈ క్షణాన ఎటు, ఎంత దగ్గరగా చూస్తున్నది అన్నది మొదటిది. లోగో పడవలసిన చోట ప్రస్తుతం గడ్డి ఉందా, మనిషి ఉన్నాడా అన్నది రెండవది. రెండవదానికి జవాబు రంగును బట్టి వస్తుంది: గడ్డి రంగుకు దగ్గరగా ఉన్న పిక్సెళ్ల మీదనే లోగో పడుతుంది, మిగిలినవి లోగోకు ముందున్నట్టు ఉండిపోతాయి. ఆకుపచ్చ జెర్సీల జట్టు దిగితే ఈ పని ఎంత కష్టమవుతుందో అమెరికన్ ఫుట్‌బాల్‌లో గ్రీన్ బే ప్యాకర్స్ ఆటలకు పనిచేసిన వాళ్లకు మొదటినుంచీ తెలుసు. మా కేసులో రంగు సమస్య మామూలు స్థాయిలోనే ఉండింది, సాయంత్రం ఫ్లడ్‌లైట్లు వెలిగే వేళ కొంత సవరిస్తే సరిపోయింది. దాని గురించి ఇక రాయను. తలనొప్పి అంతా మొదటి ప్రశ్నతోనే వచ్చింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలో ఈ రంగానికి మొదటినుంచీ రెండు దారులున్నాయి. ప్రిన్స్‌టన్ వీడియో ఇమేజ్ అనే సంస్థ 1990లలో తెచ్చిన పద్ధతి బొమ్మనే చదువుతుంది: మైదానంలో కదలని గుర్తులను వీడియోలోనే వెతికి, వాటి స్థానాన్ని బట్టి కెమెరా చూపును లెక్కగడుతుంది. స్పోర్ట్‌విజన్ సంస్థ 1998 సెప్టెంబర్ 27న బాల్టిమోర్‌లో జరిగిన బెంగాల్స్, రేవెన్స్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో, ఫస్ట్ డౌన్‌కు బంతి చేరవలసిన చోటును చూపే పసుపు గీతను ఈఎస్‌పీఎన్ తెర మీద మొదటిసారి గీసినప్పుడు ప్రధానంగా ఆధారపడింది రెండవ పద్ధతి మీద: కెమెరా తల ఎంత తిరిగింది, ఎంత వంగింది, లెన్స్ జూమ్, ఫోకస్ ఎక్కడున్నాయి అన్నవాటిని సెన్సార్లతో కొలిచి, ముందుగా సర్వే చేసిన మైదానపు నమూనాతో కలిపి గీత ఎక్కడ పడాలో లెక్కగట్టడం. మేము వాడింది ఈ రెండవ దారి. ట్రైపాడ్ తలలో తిరిగే, వంగే కోణాలను కొలిచే ఎన్‌కోడర్లు, బాక్స్ లెన్స్ (పెద్ద ప్రసార జూమ్ లెన్స్) నుంచి జూమ్, ఫోకస్ విలువలు, వికెట్ల మధ్య 20.12 మీటర్ల దూరాన్నీ 3.05 మీటర్ల పిచ్ వెడల్పునూ వికెట్లకు 1.22 మీటర్ల ముందు ఉండే క్రీజు గీతనూ ఆధారం చేసుకుని కట్టిన నమూనా. క్రికెట్‌లో సర్వే సగం నియమావళే చేసిపెడుతుంది, అది మన అదృష్టం.

సమస్య ఎలా కనిపించింది

మొదటి రోజు ఉదయం క్యాలిబ్రేషన్ (సెన్సార్ల అంకెలను మైదానపు నమూనాతో సరిచూసి సర్దడం) చక్కగా కుదిరింది. మధ్యాహ్నపు ఆటలో బంతి వేసేటప్పుడు లోగో గడ్డికి అతుక్కునే ఉన్నది. కానీ బ్యాట్స్‌మన్ స్క్వేర్ వైపు కొట్టి, కెమెరా బంతి వెంట తిరిగి, ఫీల్డర్ విసిరాక తిరిగి వస్తూ ఉన్నప్పుడు లోగో నేలను వదిలి కాస్త పైకి, అంటే బౌండరీ వైపుకు జరిగినట్టు కనిపించేది. కెమెరా పిచ్ మీదికి వచ్చి ఆగేసరికి మళ్లీ తన చోటికి చేరేది. ఓబీ వ్యానులో (మైదానం దగ్గర నిలిపే ప్రసార వాహనంలో) దీన్ని "తేలడం" అంటాం. జరిగింది ఐదారు పిక్సెళ్లే. అయితే నిజంగా నేలమీద ఉన్న వస్తువు అలా జరగదని కంటికి తెలుసు. ఒకసారి గమనించిన ప్రేక్షకుడు ఆ తర్వాత బంతిని చూడడం మాని లోగోనే చూస్తాడు.

అందరికీ ముందుగా తోచేది టైమింగ్ తేడా. ఎన్‌కోడర్ విలువలు ఒక ఫ్రేము ముందో వెనుకో చేరితే గ్రాఫిక్ జారుతుంది. దీన్ని మేము పది నిమిషాల్లో తోసిపుచ్చగలిగాం, ఎందుకంటే టైమింగ్ తేడా కెమెరా కదులుతున్నంతసేపే కనిపించి, ఆగగానే మాయమవుతుంది. మా లోగో మాత్రం, కెమెరాను స్క్వేర్ లెగ్ వైపు తిప్పి ఆపేసినా సరే, అక్కడ కూడా తప్పు చోటునే నిలబడింది. లెన్స్ క్యాలిబ్రేషన్ లోపం కూడా కాదనిపించింది. అలాంటి లోపం ఏవో కొన్ని జూమ్ స్థానాల్లో పెరిగి, కొన్నింటిలో తగ్గి, అంచుల దగ్గర ఒకలా మధ్యలో ఒకలా ఉంటుంది. మా తప్పు మాత్రం బొమ్మ మొత్తాన్నీ ఒకే దిశకు నెట్టింది. లెన్స్‌ను దగ్గరకు తెచ్చేకొద్దీ అదే నిష్పత్తిలో పెద్దదైంది, వెడల్పుగా చూపితే కనబడనంత చిన్నదైంది. పిక్సెళ్లలో పెరుగుతూ కోణంలో స్థిరంగా ఉన్న తప్పు అది. కనుక కెమెరా చూపు దిశలోనే తేడా ఉన్నది, ఆ తేడా సెన్సార్లకు తెలియడం లేదు. ఈ వాక్యాన్ని మొదటి రోజే నోటు పుస్తకంలో రాసుకున్నాను. దాని అర్థం పూర్తిగా తట్టడానికి ఇంకో మూడు రోజులు పట్టింది.

చేసిన ప్రయత్నాలు, అవి ఎందుకు చెడ్డాయి

మొదటి ప్రయత్నం లెవెల్ సవరణ. ట్రైపాడ్ తల సమతలంగా లేకపోతే, కెమెరా ఒకవైపు తిరిగినప్పుడు పైకి, మరొకవైపు తిరిగినప్పుడు కిందికి చూస్తుంది. ఆ తప్పు తిరిగిన కోణాన్ని బట్టి మెల్లగా మారే వక్రరేఖలా ఉంటుంది. మా కొలతలు సరిగ్గా అలాగే కనిపించాయి. తొమ్మిది దిశల్లో కొలిచి, లెవెల్ పారామీటర్లు మార్చి, మధ్యాహ్నపు ఆట చివరి పది ఓవర్లలో లోగో రాయిలా నిలబడేలా చేశాం. వ్యానులో అందరూ చేతులు కలుపుకున్నారు. సాయంత్రపు ఆటలో అది మళ్లీ తేలింది, ఈసారి ఎక్కువగా, పైగా ఒక దిశలో వ్యతిరేకంగా.

నన్ను ఎక్కువగా తప్పుదారి పట్టించింది ఈ పాక్షిక విజయమే. సవరణ ఒక పూట పనిచేసింది కాబట్టి దాని ఊహ సరైనదేననీ, ఆ తర్వాత ఏదో కొత్తగా చెడిందనీ అనుకున్నాను. కొత్తగా చెడగలిగినది ఎన్‌కోడరే కదా అని రాత్రి తలనే మార్చి వేరేది బిగించాం. మర్నాడు ఉదయం క్యాలిబ్రేషన్, మధ్యాహ్నం మంచి ఫలితం, సాయంత్రం పాత రోగం.

మరో పొరపాటు కూడా ఒప్పుకోవాలి. మా సాఫ్ట్‌వేర్ తప్పును నేలమీద మీటర్లలో చూపిస్తుంది. కెమెరా ఎత్తు పది మీటర్లు, లోగో దూరం సుమారు వంద మీటర్లు అయినప్పుడు చూపు నేలను చాలా ఏటవాలుగా తాకుతుంది, అందువల్ల 0.02 డిగ్రీల తేడా కూడా పిచ్ వెంబడి దాదాపు 35 సెంటీమీటర్ల జరుగుడుగా కనిపిస్తుంది. ఆ అంకె చూసి మా సర్వేయరు తన కొలతే తప్పని బెంగపడి, ఎండలో టేపు పట్టుకుని క్రీజు నుంచి బౌండరీ దాకా మళ్లీ అంతా కొలిచాడు. ఆయన కొలత మొదటే సరిగ్గా ఉన్నది. ఆ అంకెను డిగ్రీల్లోకి మార్చి చూసి ఉంటే ఆ మధ్యాహ్నం మిగిలేది.

మూడవ ప్రయత్నం నాకు ఇష్టం లేకుండా జరిగింది. ఎన్‌కోడర్ విలువలను ఐదు ఫ్రేముల మీద సగటు తీసి మృదువుగా చేద్దామని ఒత్తిడి వచ్చింది. అది వణుకును తగ్గించగలదు గాని, స్థిరమైన తప్పును ఏ సగటూ తీసివేయలేదు. పైగా సెకనుకు 25 ఫ్రేముల ప్రసారంలో ఐదు ఫ్రేముల సగటు అంటే సుమారు రెండు ఫ్రేముల వెనకబాటు. కెమెరా వేగంగా తిరగడం మొదలుపెట్టిన ప్రతిసారీ లోగో బద్ధకంగా లేచినట్టు వెనకాల వచ్చింది. రెండు ఓవర్లు చూసి తీసేశాం.

నాలుగవది బొమ్మను చదివే పద్ధతికి పూర్తిగా మారిపోవడం. సెన్సార్లకు తెలియని తేడా బొమ్మలో ఎలాగూ ఉంటుంది కదా అన్నది తర్కం, అది సరైన తర్కమే. మైదానమే సహకరించలేదు. బౌండరీ తాడును గుర్తుగా తీసుకుంటే, ఫీల్డర్ దొర్లుతూ వచ్చి తగిలినప్పుడల్లా తాడు జరుగుతుంది. సైట్‌స్క్రీన్‌ను బ్యాట్స్‌మన్ చెయ్యి ఊపితే చాలు పక్కకు నెడతారు. ఎల్‌ఈడీ బోర్డుల మీద ప్రకటన మారినప్పుడల్లా గుర్తు పట్టవలసిన బొమ్మే మారిపోతుంది. జనం లేచి నిలబడితే స్టాండు రూపమే మారుతుంది. కదలనివి స్టాండు స్తంభాలు, ఫ్లడ్‌లైట్ టవర్ల పాదాలు. బంతి వేసే వేళ కెమెరా పిచ్‌ను దగ్గరగా చూపిస్తుంది కనుక అవి ఫ్రేములోనే ఉండవు. ఒక సిక్సర్ తర్వాత ఎల్‌ఈడీ బోర్డులోని అక్షరాన్ని స్తంభంగా పొరబడిన సాఫ్ట్‌వేర్ లోగోను కీపర్ భుజం మీదికి ఎక్కించింది. ఐదారు పిక్సెళ్ల తప్పును పోగొట్టబోయి వందల పిక్సెళ్ల తప్పు తెచ్చుకున్నాం.

ఇదే సమయంలో ప్రకటన ఏజెన్సీ నుంచి ఒక "సులువైన దారి" వచ్చింది: గడ్డి వదిలేసి, ఎదురుగా ఉన్న ఒక స్థానిక వ్యాపారి హోర్డింగు మీద మా లోగోను అతికించమన్నారు. నిలువుగా ఉన్న బోర్డు మీద ఈ తప్పు అంతగా కనబడదు, నిజమే. నేను వద్దన్నాను. 1999 డిసెంబర్ 31 రాత్రి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ నుంచి అమెరికన్ టీవీ సంస్థ సీబీఎస్ ఇచ్చిన వార్తా ప్రసారంలో, అక్కడున్న పోటీ సంస్థ ఎన్‌బీసీ పెద్ద తెరను కప్పుతూ సీబీఎస్ లోగోను ఇదే సాంకేతికతతో చేర్చారు. విషయం బయటపడ్డాక అది పొరపాటని సీబీఎస్ వార్తా వ్యాఖ్యాత డాన్ రాదర్ ఒప్పుకోవలసి వచ్చింది. వార్తకూ ఆటకూ తేడా ఉన్నమాట నిజమే, కానీ డబ్బు కట్టి బోర్డు పెట్టుకున్న వాడిని అతనికి చెప్పకుండా తెర మీద చెరిపేయడం ఎక్కడైనా ఒకటే.

కారణం దొరికిన తీరు

నాలుగవ రోజు ఉదయం క్యాలిబ్రేషన్ నమోదు పుస్తకాన్ని, సిబ్బంది హాజరు కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని చూశాను. లోగో నిలబడిన ఆటలన్నిటికీ కెమెరా దగ్గరున్నది ఒకరే. క్యాలిబ్రేషన్ వేళ అక్కడున్నదీ ఆయనే. సాయంత్రం డ్యూటీ మారేది. సాయంత్రపు కెమెరామన్ ఈయన కన్నా బాగా బరువైన మనిషి, పైగా ఆయనతో సహాయకుడు కూడా పైకెక్కి కూర్చునేవాడు.

అప్పటికీ నమ్మకం కుదరక, ఆటకు ముందు పరీక్ష పెట్టాం. లెన్స్‌ను బాగా దగ్గరకు తెచ్చి ఒక ఫ్లడ్‌లైట్ టవర్ పాదం మీద నిలిపి, తల బ్రేకులు బిగించాం. ఎన్‌కోడర్ అంకెలు మారకుండా నిలిచాయి. "కెమెరామన్ గారూ, ఒక్కసారి కెమెరాను ముట్టుకోకుండా దాని చుట్టూ నడవండి" అని హెడ్‌సెట్‌లో అడిగాను. ఆయన కెమెరా వెనుక నుంచి ఎడమకు, అక్కడినుంచి ముందుకు నడిచారు. అంకెలు అలాగే ఉన్నాయి. తెర మీద టవర్ పాదం మాత్రం కిందికీ పైకీ జరిగింది. "ఇది మీకిప్పుడు తెలిసిందా బాబూ? నేను కాలు మార్చినప్పుడల్లా నా వ్యూఫైండర్‌లో కనిపిస్తూనే ఉంది" అన్నారాయన. మేము ఆయన్ని ఫోకస్ గురించి, వేగం గురించి ఎన్నో అడిగాం గాని, ఈ మాట ఎవరూ అడగలేదు.

ఆలోచిస్తే అంతా దానంతటదే సర్దుకుంది. కెమెరామన్ ఎప్పుడూ లెన్స్‌కు ఎదురు దిక్కున, అంటే కెమెరా వెనుక నిలబడతాడు. కెమెరా తిరిగితే ఆయన బరువు కూడా చుట్టూ తిరుగుతుంది. ఆ పరంజా మీద ట్రైపాడ్ కాళ్లు, కెమెరామన్ కాళ్లు ఒకే చెక్కల మీద ఉన్నాయి. ఆయన నిలబడిన చోట కింద గొట్టం ఉంటే చెక్క దిగదు, రెండు గొట్టాల నడుమ అయితే కొంచెం దిగుతుంది. వెనుక చెక్క దిగితే ట్రైపాడ్ వెనక్కి వాలి కెమెరా రవంత పైకి చూస్తుంది. రెండు మీటర్ల చెక్క ఒక చివర 0.7 మిల్లీమీటరు దిగితే అది 0.02 డిగ్రీలు; మా మామూలు ఫ్రేములో, పన్నెండు మీటర్ల వెడల్పు 1920 పిక్సెళ్లలో పడుతున్నప్పుడు, ఐదారు పిక్సెళ్లు. ఎన్‌కోడర్ కొలిచేది ట్రైపాడ్‌కూ తలకూ మధ్య కోణాన్ని మాత్రమే. ట్రైపాడే వాలితే దానికి తెలిసే మార్గం లేదు. తిరిగిన కోణాన్ని బట్టి తప్పు మారడం లెవెల్ లోపంలా కనిపించడానికీ, ఒక మనిషితో కొలిచిన సవరణ ఇంకో మనిషి వచ్చేసరికి విషమించడానికీ కారణం ఇదే.

పనిచేసిన పరిష్కారం

ఇద్దరు కెమెరామన్లకు రెండు సవరణ పట్టికలు తయారుచేసి, డ్యూటీ మారినప్పుడు మార్చుకుందామన్నది మా కుర్రాళ్ల మొదటి ఆలోచన. దాన్ని నేను ఒప్పుకోలేదు. మనిషి ప్రతిసారీ అదే చోట కాలు పెట్టడు, సహాయకుడు నీళ్ల సీసా అందించడానికి లేస్తాడు. బరువు అక్కడికి చేరకుండా చేయగలిగినప్పుడు బరువును లెక్కగట్టడం దేనికి?

పరంజా కాంట్రాక్టరును పిలిచాం. ట్రైపాడ్ కింది చెక్కలను కోసి విడదీద్దామని నేను అడిగితే ఆయన సరేనన్నాడు గాని, రెండు భాగాలనూ కలిపే ఏటవాలు గొట్టాలను తీయడానికి ససేమిరా ఒప్పుకోలేదు. పది మీటర్ల ఎత్తున మనుషులు నిలబడే కట్టడానికి అవే ప్రాణం. ఆయన మాటే సరైనది, నేను అడిగిందే తప్పు. చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు: పెద్ద పరంజాను ముట్టుకోకుండా, దాని లోపల నేల నుంచి వేరుగా నాలుగు కాళ్ల సన్నటి టవర్‌ను దాని సొంత ఏటవాలు గొట్టాలతో లేపి, అడుగున ఇసుక బస్తాలు వేసి, దాని మీద ట్రైపాడ్ మాత్రమే పెట్టడం. మనుషుల చెక్కలకు నడుమ రంధ్రం, దానిలోంచి వచ్చిన టవర్ చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ. ఒక రాత్రి పని. తెల్లవారి మళ్లీ నడక పరీక్ష పెడితే ఫ్లడ్‌లైట్ టవర్ పాదం తెర మీద ఒక పిక్సెల్ మించి కదలలేదు.

రోజు గడిచేకొద్దీ ఎండకు ఇనుము సాగడం, ఇసుక సర్దుకోవడం వల్ల వచ్చే నిదానపు తేడా మిగిలింది. దీనికి మేము వదిలేసిన నాలుగవ ప్రయత్నం నుంచి కొంత తిరిగి తెచ్చుకున్నాం. ఓవర్ల మధ్య దర్శకుడు వెడల్పు దృశ్యం తీసుకున్నప్పుడు మాత్రమే సాఫ్ట్‌వేర్ రెండు స్తంభాల అంచులను, ఒక ఫ్లడ్‌లైట్ టవర్ పాదాన్ని చూసి, తిరిగే కోణానికీ వంగే కోణానికీ చెరొక చిన్న సవరణను లెక్కగట్టి, తర్వాతి వెడల్పు దృశ్యం దాకా దాన్నే పట్టుకుని ఉంటుంది. ఆ సవరణ మెల్లగానే మారగలదు, ఒక హద్దు దాటలేదు. హద్దు దాటవలసి వస్తే గుర్తును పొరబడినట్టుగానీ పరంజాకు ఏదో జరిగినట్టుగానీ లెక్క. అప్పుడు సాఫ్ట్‌వేర్ లోగోను జరపదు, మసకబార్చి తీసేస్తుంది. సెన్సార్ల వేగమూ బొమ్మ చెప్పే నిజమూ ఒకదానికొకటి కావాలి. అయితే ఏది ఎప్పుడు మాట్లాడాలో మనమే చెప్పాలి.

మా పనిలో మారినవి

ఆ టోర్నమెంటు తర్వాత ఏ మైదానానికి వెళ్లినా క్యాలిబ్రేషన్ కన్నా ముందు నడక పరీక్ష చేస్తున్నాం, అదీ ఆ రోజు పనిచేయబోయే వారిలో అందరికన్నా బరువైన మనిషితో. కాంక్రీటు గదిలో కూడా మానడం లేదు. అక్కడ ఒకసారి కార్పెట్ కింద చెక్క పెట్టె అంతస్తు బయటపడింది. క్యాలిబ్రేషన్ నమోదు పుస్తకంలో వాతావరణంతో పాటు కెమెరా దగ్గర ఎవరున్నారో రాస్తున్నాం. తప్పును సాఫ్ట్‌వేర్ మీటర్లలో చూపిస్తే పక్కనే డిగ్రీలు కూడా చూపించేలా మార్పించాను. ఒక సవరణ పనిచేసిందంటే, అది పనిచేసిన వేళ మారకుండా ఉన్నవి ఏమిటని అడగడం నాకు ఇప్పుడు అలవాటైంది. ఆ మధ్యాహ్నం మారకుండా ఉన్నది మనిషి. నేను చూసింది అంకెలు.

ఆ టోర్నమెంటు నడుస్తుండగానే ఒప్పందంలోనూ ఒక మాట చేర్పించాం: లోగోను తీసేసే అధికారం ఆపరేటరుదే, ఆ క్షణాన దర్శకుడినీ ఏజెన్సీనీ అడగనక్కరలేదు. ఇది రాయించడానికి కొంత వాదన జరిగింది, ఎందుకంటే ప్రకటనదారు డబ్బు కట్టేది తెర మీద కనిపించిన సెకన్లకు. తేలుతున్న లోగో సెకన్లను ఆయన ఖాతాలో వేస్తే ఆయనే నష్టపోతాడని, లోగో తేలిన ఓవర్ల రికార్డింగు చూపించాకే అంగీకారం కుదిరింది.

ఆ అధికారం ఫైనల్ రోజునే అవసరపడింది. రెండవ ఇన్నింగ్స్ నడుమ సముద్రపు గాలి పెరిగి, మనుషుల బరువు తగలని ఆ సన్నటి టవర్ గాలికి మాత్రం ఊగింది. సవరణ హద్దు దాటింది, లోగో మసకబారి పోయింది. గాలి తగ్గేదాకా నాలుగు ఓవర్లు వట్టి గడ్డినే చూపించాం. ఆ సెకన్లను తర్వాత వేరే ఆటలో పూడ్చి ఇచ్చాం. టవర్‌కు గాలి తగలకుండా చుట్టూ గుడ్డ కట్టాలా, కడితే ఆ గుడ్డే తెరచాపలా లాగుతుందా అన్నది నేనూ కాంట్రాక్టరూ ఇంకా తేల్చుకోలేదు.